తువ్వాలు కింద నలభై అడుగులు

నేను చదువుకున్నది జ్ఞానం కోసం కాదు. ఒక మనిషి మీద కసి తీర్చుకోవడానికి. ఈ మాట మా బడి పిల్లలకు చెప్పలేను. వాళ్ళకు చదువు వల్ల వినయం వస్తుందనే చెబుతాను. సోషల్ అయ్యవారిని కాబట్టి అలా చెప్పక తప్పదు.

గోరంట్ల నుంచి కదిరి వైపు పోయే దారిలో మా ఊరు. బస్సులు ఆగే చోట మా నాయనకు కంబళ్ళు, పగ్గాలు, మోకులు అమ్మే అంగడి ఉండేది. ఎదురుగా ఉన్న బయలులో వారానికొకసారి గొర్రెల సంత. జీవాలు అమ్ముకున్నవాళ్ళు బస్సెక్కే ముందు మా అంగట్లోకి తొంగిచూసి, ఏదో ఒకటి కొనకుండా పోయేవాళ్ళు కాదు. నేను కంబళ్ళ దొంతి మీద కూర్చుని పెరిగాను. నడక కంటే ముందు బేరం నేర్చానని మా అమ్మ అంటుంది. ఇప్పటికీ డాక్టరు పది రోజులు మాత్రలు వేసుకోమంటే, ఏడు రోజులకు దించి బయటికి వస్తాను.

సంతలో పెద్ద దళారి మా నాయనకు స్నేహితుడు. ఆయన్ను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. మా ఇంట్లో సంగటి తిని, మా అరుగు మీద నిద్రపోయేవాడు. గొర్రెల బేరం మా వైపు నోటితో జరగదు. అమ్మేవాడైనా కొనేవాడైనా దళారి చేతితో పాటు తన చెయ్యి ఒక తువ్వాలు కింద పెడతాడు. పట్టుకున్న వేళ్ళను బట్టి అంకె. ఎదుటివాడు తిరిగి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. ఆ అంకె బయటికి చెప్పకూడదు. చెప్పిన దళారి తువ్వాలు కిందికి మళ్ళీ ఎవరి చెయ్యీ రాదు. ఇప్పటికి నలభై ఏళ్ళలో ఆయన ఒక్క అంకె కూడా బయట పెట్టలేదని పేరు.

కానీ ఆయన మోచేయి బయట పెట్టేది. కంబళ్ళ దొంతి మీద నుంచి వారం వారం చూసి నేనది కనిపెట్టాను. అంకె చిన్నదైతే మోచేయి పక్కటెముకలకు ఆనుకొని ఉండేది. అంకె పెరిగేకొద్దీ బయటికి జరిగేది. ఒకరోజు సంబరంగా నాయనకు చెప్పాను. నాయన నా చెవి పట్టుకొని మెలిపెట్టాడు.

"ఇంకొకని గుట్టు మనకు తెలిస్తే మింగేయల్ల. అమ్ముకోకూడదు. అర్థమయ్యిందా?"

అర్థమైంది. మింగేశాను.

నేను పదో తరగతిలో ఉండగా ఆ చిన్నాయన ఒక కాగితం పట్టుకొని అంగడికి వచ్చాడు. బజారుకు వీధి దీపం కావాలని అర్జీ అన్నాడు. మా నాయన మోకును చేత్తో పట్టుకుంటే చాలు ఎన్ని బారలో చెప్పేవాడు గానీ, అక్షరాల్లో తన సంతకం తప్ప ఇంకేదీ తెలియదు. మొదటి సంతకం ఆయనే పెట్టాడు. ఆయన పెట్టాడని బజారంతా పెట్టింది. తువ్వాలు కింద ఇన్నేళ్ళు మోసం చెయ్యనివాడు కాగితం మీద చేస్తాడని ఎవరు అనుకుంటారు? మా వాళ్ళ లెక్కలో కాగితమూ ఒక తువ్వాలే.

ఆ కాగితంలో దీపం లేదు. బస్సులు ఆగే చోటును అర మైలు కిందికి, ఆయన కొత్తగా గదులు కట్టించుకున్న స్థలం ముందుకు మార్చమని ఉంది. రెండు నెలలకు మా అంగడి ముందు బస్సులు ఆగడం మానేశాయి. నాయన సంతకు పోయి అడిగాడు. నేనూ వెంట ఉన్నాను.

"సంతకం నీదే కదప్పా. నేనేమన్నా నీ చెయ్యి పట్టుకొని పెట్టిచ్చినానా?" అన్నాడు ఆయన, నలుగురూ వినేటట్టు. "సదువు రానోడివి నువ్వు. నీ కొడుకునన్నా సదివించుకో పో."

అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. అంగడివాడికి ఎవరైనా నవ్వితే తిరిగి నవ్వడం అలవాటు. ఆయన చేసిన మోసాన్ని నేను ఎప్పుడైనా క్షమిస్తానేమో గానీ, మా నాయన చేత నవ్వించిన ఆ నవ్వును మాత్రం క్షమించను. ఏడాది తిరిగేలోపు అంగడి మూతపడింది. నాయన హిందూపురంలో ఒక బట్టల అంగట్లో నిలబడి గుడ్డలు చించే పనికి కుదిరాడు. మోకాళ్ళు అరిగేదాకా నిలబడ్డాడు.

చదువుకోమన్నాడు కాబట్టి చదివాను. ఉద్యోగం వచ్చాక మంచి ఊళ్ళు ఇస్తామన్నా వద్దని, బతిమాలి, బేరమాడి మా ఊరి హైస్కూలుకే వచ్చాను. పగ అనేది దూరం నుంచి తీర్చుకునేది కాదు. వచ్చాక ఏం చేశానంటే, చెప్పుకోవడానికి సిగ్గు. ఆయన గదుల మీద బోర్డులో అక్షరం తప్పు ఉంటే ఎనిమిదేళ్ళు చూస్తూ, ఒక్కరోజు కూడా చెప్పలేదు. నా ప్రతీకారం స్థాయి అది.

తర్వాత సోలార్ వచ్చింది. మా ఊరికీ గుట్టకూ మధ్య ఉన్న బీడంతా ఒక కంపెనీ కౌలుకు తీసుకొని అద్దాల పలకలు పరిచింది. గుట్ట అవతల మేత ఉంది, కుంట ఉంది. కాపరులు తాతల కాలం నుంచి ఆ బీడులో గుండానే జీవాలను తోలుకుపోతారు. ఇప్పుడు కంచె వేస్తామన్నారు. దారి వదలమని కాపరులు, వదిలితే పలకలు పగులుతాయని కంపెనీ. రాళ్ళు లేచాయి. ఒక కాపరి తల పగిలింది, ఒక వాచ్‌మన్ చెయ్యి విరిగింది.

ఇలాంటి గొడవలు సర్దడానికి ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చింది. అనంతపురంలో ఒక హాల్లో అయిదు రోజుల శిక్షణ. "ఆధునిక ఘర్షణల పరిష్కారం: విద్య, అభివృద్ధి, ప్రపంచ పౌరసత్వం" అని బ్యానరు. మా బడి తరఫున నన్ను పంపారు. భోజనం బాగుంది. ఆఖరి రోజు మన శత్రువు పేరు చీటీ మీద రాసి, బుడగలో పెట్టి ఊది, పగలగొట్టమన్నారు. బుడగతో పాటు పగ కూడా పోతుందట. నేను పేరు రాశాను, ఊదాను. అందరూ టపటపా పగలగొడుతుంటే నాది మెల్లగా గాలి తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. బుడగ వాళ్ళది, పగ నాది. తర్వాత నా చొక్కాకు "ప్రపంచ పౌరుడు" అని బిళ్ళ తగిలించారు.

ఆ బిళ్ళతోనే పంచాయతీ ఆఫీసులో మొదటి సమావేశానికి వెళ్ళాను. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడికి హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. మధ్యలో మాట మార్చి చెప్పే పని నాది. కాపరుల తరఫున మాట్లాడడానికి వచ్చింది ఎవరంటే, మా దళారి చిన్నాయన. ఆయనకు గొర్రెలు లేవు. ఊళ్ళో ఆయనకంటే గట్టిగా బేరమాడేవాడు లేడని కాపరులే ఎన్నుకున్నారు.

కుర్రాడు కాగితం తీసి చదవడం మొదలుపెడితే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేతి మీద వేసుకొని ముందుకు చాపాడు.

"చెయ్యి పెట్టమను. అడుగుల్లో మాట్లాడుకుందాం."

"ఆయప్పకు ఈ బేరం తెలీదు చిన్నాయనా," అనాల్సింది నేను. నోటి దాకా వచ్చింది.

"చెయ్యి చెయ్యే కదప్పా, యా దేశమోనిదైనా," అని నా తటపటాయింపు చూసి, ఆయనే కుర్రాడి చెయ్యి పట్టుకొని తువ్వాలు కిందికి లాగాడు.

కుర్రాడు నవ్వుతూ నావైపు చూశాడు. నేను తల ఊపాను. ముసలాయన మోచేయి పక్కటెముకల నుంచి మెల్లగా బయటికి జరిగి ఒకచోట ఆగింది. నాలుగు వేళ్ళు. పదుల్లో. నలభై అడుగుల దారి. కుర్రాడు ఇదేదో మా ఊరి మర్యాద అనుకొని, గౌరవంగా, గట్టిగా చెయ్యి నొక్కాడు.

"కుదిరింది," అన్నాడు ముసలాయన, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంటూ. సంస్థ మేడమ్ సంతోషంతో ఫోటో తీసుకుంది. సంప్రదాయ సంభాషణ అని నోటుబుక్కులో రాసుకుంది.

కాగితం నా చేతికి వచ్చింది. దానిలో అడుగులు లేవు. వీలును బట్టి దారి వదులుతాము అని ఉంది, ఇంగ్లీషులో.

"ఏముండాది అయ్యవారూ అందులో?" అని అడిగాడు ముసలాయన. బడిలో ఉద్యోగానికి చేరినప్పటి నుంచి నన్ను అయ్యవారూ అనే పిలిచేవాడు, కొంచెం ఎగతాళిగా.

"దారి వదుల్తారని ఉండాది చిన్నాయనా."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మంచి మోసానికి అబద్ధం అవసరం లేదని అంగట్లో పెరిగినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. నా పెన్నే ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు. ఆయన వెనక కాపరులు వరసగా వేలిముద్రలు వేశారు. వాళ్ళ వేళ్ళకు సిరా నేనే పూశాను. ఆ క్షణంలో నాకు వాళ్ళెవరూ కనిపించలేదు. ముసలాయన సంతకం ఒక్కటే కనిపించింది.

నెల తిరక్కముందే కంచె లేచింది. దారి వదిలారు. నాలుగు అడుగుల గేటు, ఆస్పత్రి వార్డు తలుపంత. గొర్రెలు ఒక్కొక్కటిగా దూరాలి. మందలన్నీ దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. కాపరులు దళారి ఇంటి ముందు కూర్చున్నారు.

"మాట తప్పినారు నా కొడుకులు," అన్నాడు ఆయన.

"ఎన్నడుగులకు కుదిరిందో చెప్పు. పోయి అడుగుతాం."

ఆయన నోరు తెరవలేదు. అంకె బయటికి చెబితే వచ్చే వారం సంతలో ఎవడు చెయ్యి పెడతాడు? చెప్పకపోతే కాపరులు వదలరు. ఆ పది రోజులు నాకు తిరునాళ్ళు. బడికి పోయేటప్పుడు కావాలని ఆయన ఇంటి ముందు నుంచి సైకిలు నడిపించుకుంటూ పోయేవాణ్ణి. సంగటి ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

పదకొండో రోజు మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా, ఒక అవ్వ బడి గేటు తోసుకొని వచ్చింది. మొగుడు పోయాక ముప్పై గొర్రెలతో ఒంటరిగా బతుకుతున్న మనిషి. గేటు దగ్గర రద్దీ తట్టుకోలేక ఆ పొద్దున రోడ్డు మీదుగా మందను తోలుకుపోయిందట. లారీ కింద ఏడు పోయాయి. ఆమె చీర కుచ్చెళ్ళకు ఇంకా నెత్తురు ఉంది.

"నువ్వు ఆ పొద్దు ఆడే ఉంటివి కదా అయ్యవారూ. ఆ కాగితంలో ఎన్నడుగులని ఉండాది?"

"అడుగులు రాయలేదవ్వా."

"రాయలేదని నీకు అప్పుడే తెల్సునా?"

నేను పిల్లల కంచాల వైపు చూశాను.

"తెల్సునా, తెల్దా?"

"తెలుసు."

ఆమె అరవలేదు. గేటు దిమ్మె మీద కూర్చుంది. "మీ నాయన బస్సు కాగితానికి సంతకం పెట్టిన దినం నేనూ ఏలిముద్ర ఏసింటి. ఆయప్ప ముందు పెట్టినాడు కదా అని. ఈతూరి నువ్వు సిరా పూస్తివి కదా అని ఏసినా." కుచ్చెళ్ళు దులుపుకొని లేచింది. "ఉండేవి కూడా ఈ వారం సంతకు తోలేస్తా. మేపలేను."

ఆ వారం నేను సంతకు పోయాను. మా మందల్లో సగం అక్కడే ఉన్నాయి. కాపరులు దొరికిన ధరకు తోసేస్తున్నారు. బెంగళూరు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. మధ్యలో మా చిన్నాయన, తువ్వాలు ఆరే తీరిక లేకుండా చేతులు మార్చి చేతులు పట్టుకుంటున్నాడు. జీవం అమ్ముడైన ప్రతిసారీ ఆయన వాటా ఆయనకు వస్తుంది. నన్ను చూసి పలకరించాడు కూడా.

"ఏమయ్యవారూ, బాగుండావా? నాయన మోకాళ్ళు ఎట్లుండాయి?"

అప్పుడు అర్థమైంది నేను ఆడిన బేరం. ఆయన్ను ముంచుదామని కాపరుల్ని ముంచాను, ఆ మునిగినవాళ్ళ మీద ఆయన పంట కోసుకుంటున్నాడు. నష్టానికి అమ్మినవాళ్ళను చూశాను గానీ, శత్రువు సరుకును నెత్తిన మోసి వాడి ఇంట్లో దించి వచ్చినవాణ్ణి నన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. అవ్వను సంత గేటు దగ్గరే ఆపాను. "ఒక్క వారం ఆగు," అన్నాను. ఆమె నా ముఖం చూసి, ఏమనుకుందో, మందను వెనక్కి తిప్పింది.

ఆ లోపలే ఎవరో కంచె కోశారు. కేసయ్యింది. రెవెన్యూ ఆఫీసరు పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. సంస్థవాళ్ళు అదే బ్యానరు మళ్ళీ కట్టారు.

"దారి ఇంతని ఒప్పుకున్నట్టు రుజువేదైనా ఉందా?" అన్నాడు ఆఫీసరు. అందరూ దళారిని చూశారు. ఆయన నేల చూశాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకోబోయాడు.

నేను లేచాను. "నలభై అడుగులకు కుదిరింది సార్. తువ్వాలు కింద."

ముసలాయన తల ఎత్తాడు. "నీకెట్ల తెల్సు అబ్బోడా?" ఎన్నో ఏళ్ళ తర్వాత, చిన్నప్పటిలా అబ్బోడా అన్నాడు.

"నీ మోచెయ్యి చెప్పింది చిన్నాయనా. నా చిన్నప్పటి నుంచి చెప్తానే ఉండాది."

ఆఫీసరు నమ్మలేదు. తన గుమాస్తాను పిలిచి, తువ్వాలు కింద దళారితో మూడు అంకెలు మార్చుకోమన్నాడు. ముసలాయన వద్దనలేకపోయాడు. వద్దంటే మోచేయి గుట్టు ఒప్పుకున్నట్టే. నేను ఆరు అన్నాను. రెండు అన్నాను. ఏడు అన్నాను. ప్రతిసారీ గుమాస్తా అవునని తల ఊపాడు. గదిలో ఉన్న వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాళ్ళే. ఒకతను మెల్లగా అన్నాడు, "అయితే ఇన్నేండ్లూ ఎవడైనా సూసింటాడు." ఇంకొకతను నవ్వాడు. ఆ నవ్వు గది అంతా పాకింది. ముసలాయన మాత్రం నవ్వలేదు. అది నేను జాగ్రత్తగా చూసుకున్నాను.

కంపెనీ కుర్రాడు నిజాయితీపరుడు. తాను చెయ్యి నొక్కానని, అది ఒప్పందమని తనకు తెలియదని చెప్పాడు. ఆఫీసరు నావైపు తిరిగాడు.

"మీకు తెలుసు కదా. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర మంచి అబద్ధాలు నాలుగు ఉన్నాయి. అవ్వ ఎదురుగా కూర్చొని ఉంది.

"పగతో సార్," అన్నాను. "ఈయన మీద."

మేడమ్ ఫోటో తీస్తున్న ఫోను దించేసింది. ఆఫీసరు ఆ మాట కూడా రాసుకున్నాడు. తర్వాత బేరం మొదలైంది. నేను కుర్చీ ముందుకు జరపబోతే కాపరులు వద్దన్నారు. దళారినీ వద్దన్నారు. అవ్వే మాట్లాడింది. నలభై దగ్గర మొదలుపెట్టి, గొర్రె గర్భంతో ఉంటే ఎంత వెడల్పు ఉంటుందో రెండు చేతులు చాపి చూపించి, ముప్పై దగ్గర ముగించింది. అంకె తెలుగులో రాయించింది. ఎదుటి మనిషిని చూసి మాట్లాడడం, తనకేం కావాలో చెప్పడం, అవతలివాడికి ఎక్కడ ఇబ్బందో అడగడం. అయిదు రోజుల శిక్షణలో నాకు నేర్పాలని చూసింది ఇదేనేమో.

ఇంటికి పోతే నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మంచం మీద నుంచే అడిగాడు.

"ఎన్నితూర్లు సరిగ్గా చెప్తివి?"

"మూడుతూర్లూ."

"ఏడుకు వాడు మోచెయ్యి ఒకింత కిందికి తిప్పుతాడే. అది ఎట్ల పట్టుకుంటివి?"

నేను నాయన ముఖం చూశాను. ఆయనకు నాకంటే ముందే తెలుసు. అంగడి పోయినప్పుడు, హిందూపురంలో నిలబడినప్పుడు, ఆ గుట్టు ఆయన కడుపులోనే ఉంది. ఒక్కమాటతో దళారిని దించేయగలిగినవాడు నవ్వి ఊరుకున్నాడు. అది గొప్పతనమని నేను ఒప్పుకోను. కానీ నాకు ఆ పూట అన్నం దిగలేదు.

ఇప్పుడు చిన్నాయన సంతలో తువ్వాలు వాడడం లేదు. మోచేయి కనపడకుండా భుజం దాకా కంబళి కప్పుకొని బేరం చేస్తున్నాడు. వైశాఖపు ఎండలో, కంబళి కింద. చెమట గడ్డం మీద నుంచి కారుతుంటుంది. చెయ్యి పెట్టేవాళ్ళు కూడా తగ్గారు. నాకు సంతలో పని ఏమీ ఉండదు. అయినా వారం వారం పోతున్నాను.

కంచె స్తంభాలు పీకి జరిపిన రోజు ఆఫీసరు మనుషులు టేపుతో కొలిచారు. ముప్పై. కాపరులు మందలను తోలారు. జీవాలు ఆగకుండా, ఒకదాన్ని ఒకటి ఒరుసుకోకుండా, ధూళి లేపుకుంటూ గుట్ట వైపు సాగిపోయాయి. అవతల చివర, కంచె నీడలో, ముసలాయన ఒంటరిగా నిలబడి చూస్తున్నాడు. ఎవరూ ఆయన్ను పలకరించలేదు. నేను ఆయన్నే చూస్తున్నాను.

అందరికంటే ఆఖర్న అవ్వ, మిగిలిన ఇరవై మూడు గొర్రెలతో వచ్చింది. నా పక్కన ఆగి, నా చూపు ఎటు ఉందో తనూ చూసింది.

"ముప్పై అడుగులు మా గొర్లకు సాలు అయ్యవారూ. నీకే ఇంకా సాలినట్టు లేదే," అని, మందను అదిలించుకుంటూ దాటిపోయింది.

నిజమే. నాకు చాలలేదు.